మీరు తీసుకోని అప్పు కట్టమని రికవరీ వాళ్లు వెంటపడితే ఏం చేయాలి

విజయవాడ గవర్నర్‌పేటలో సిమ్ కార్డు కోసం ఇచ్చిన ఆధార్ జిరాక్స్, గుంటూరు బ్రాడీపేటలో అద్దె ఇంటి అగ్రిమెంటుకు ఇచ్చిన పాన్ కాపీ, ఉద్యోగం ఇప్పిస్తామన్నవాళ్లకు వాట్సాప్‌లో పంపిన ఫోటో... వీటిలో ఏది ఎవరి చేతిలో పడిందో చాలామందికి ఎప్పటికీ తెలియదు. మీ పేరు మీద ఎవరో పర్సనల్ లోన్ తీసుకున్నారనో, ఎక్కడో షోరూమ్‌లో ఫోన్ కొన్నారనో తెలిసేసరికి ఈఎంఐలు ఆగిపోయి, కేసు రికవరీ ఏజెన్సీ చేతికి వెళ్లిపోయి ఉంటుంది.

ఈ వ్యవహారం మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఫోన్లో మాట్లాడేటప్పుడు గానీ, కాగితం మీద సంతకం చేసేటప్పుడు గానీ, డబ్బు పంపేటప్పుడు గానీ “ఈ అప్పు తీసుకుంది నేనే” అనే అర్థం వచ్చేలా ఏమీ చేయకండి. కింద చెప్పే ప్రతి పనికీ కారణం ఇదే.

ఫోన్ వచ్చినప్పుడు

రికవరీ ఫోన్ రాగానే కొందరు తిట్టి పెట్టేస్తారు. కొందరు కంగారుపడి ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, జీతం ఏ బ్యాంకులో పడుతుందో అన్నీ చెప్పేస్తారు. రెండోది మరీ ప్రమాదం. అవతల ఉన్నది నిజమైన ఏజెంటో, ఏజెంటు పేరు చెప్పి వివరాలు లాగుతున్న మోసగాడో మీకు తెలియదు. అందుకని ప్రశ్నలు మీరే అడగండి. ఇంతవరకు మాట్లాడితే చాలు:

“మీ పేరు, మీ ఏజెన్సీ పేరు చెప్పండి. అప్పు ఇచ్చింది ఏ బ్యాంకు, లేదా ఏ ఫైనాన్స్ కంపెనీ? లోన్ అకౌంట్ నంబరు ఎంత? ఏ తేదీన, ఎంత ఇచ్చారు? ఈ అప్పు నేను తీసుకోలేదు. మిగతాది కంపెనీకి రాసి పంపిస్తాను.”

వీలైతే కాల్ రికార్డు చేయండి. తేదీ, టైము, నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత ఫిర్యాదు రాసేటప్పుడు ఆ నోట్‌బుక్కే అక్కరకొస్తుంది.

అప్పుడు ఏజెంటు గొంతు మార్చి మెత్తగా మాట్లాడొచ్చు. “సరే సార్, మీరు తీసుకోలేదనే అనుకుందాం. ప్రస్తుతానికి రెండు వేలు వేయండి, మీ ఫైలు హోల్డ్‌లో పెట్టిస్తా” అంటాడు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా పరువు పోతుందని భయపడి “పదివేలే కదా, కట్టేసి వదిలించుకోరాదూ” అంటారు. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. మీరు కట్టిన మొత్తం ఎంత చిన్నదైనా, అప్పు మీదేనని మీరే ఒప్పుకున్నట్టు చూపించడానికి వాళ్లకు పనికొస్తుంది. సెటిల్‌మెంట్ అయితే ఇంకా నష్టం. మీ అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా ‘సెటిల్డ్’ అని పడుతుంది. అంటే అప్పు తీసుకుని పూర్తిగా కట్టనివాళ్ల జాబితాలోకి మీ డబ్బుతో మీరే చేరినట్టు. రేపు ఇంటి లోన్‌కు వెళ్తే బ్యాంకు మేనేజరు ముందుగా అడిగేది దాని గురించే.

“అరెస్టు వారెంటు వచ్చింది”, “ఇవాళ సాయంత్రానికి పోలీసులు వస్తారు” అని బెదిరిస్తే పట్టించుకోవద్దు. ఈఎంఐ కట్టకపోవడం సివిల్ వ్యవహారం. వాట్సాప్‌లో ఎఫ్‌ఐఆర్ పంపి అరెస్టు చేసే పద్ధతి మన చట్టంలో ఎక్కడా లేదు.

అసలు గొడవ ఏమిటో తేల్చుకోండి

మీ పేరు అడక్కుండా వేరే పేరు పెట్టి పిలుస్తున్నారంటే, మీ ఫోన్ నంబరు ఇంతకుముందు వాడినవాళ్ల బాకీ కావచ్చు. ఫోన్ కంపెనీలు వదిలేసిన నంబర్లను మళ్లీ ఇంకొకరికి ఇస్తుంటాయి. ఎవరో తమ లోన్‌కు మీ నంబరు రిఫరెన్సుగా ఇచ్చి ఉన్నా ఫోన్లు వస్తాయి. రిఫరెన్సుగా ఉన్నంత మాత్రాన ఆ అప్పు మీ మీద పడదు. హామీ సంతకం పెట్టి ఉంటే మాత్రం అది వేరే కథ.

అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఎంత అడిగినా చెప్పకుండా యాప్ పేరు మాత్రమే చెబుతుంటే అనుమానించండి. మన దేశంలో అప్పులిచ్చే యాప్ వెనుక ఆర్బీఐ అనుమతి ఉన్న బ్యాంకో, ఎన్‌బీఎఫ్‌సీయో (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఉండాలి. అలాంటి సంస్థలు నడిపే యాప్‌ల జాబితాను ఆర్బీఐ తన వెబ్‌సైట్‌లో పెడుతోంది. అందులో లేని యాప్ వాళ్లు మీ కాంటాక్ట్‌లందరికీ మెసేజ్‌లు పెడుతూ, ఫోటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తుంటే దాన్ని డబ్బు గుంజడం అంటారు, అప్పు వసూలు అనరు. వాళ్లకు ఉత్తరాలు రాస్తూ కూర్చోకుండా నేరుగా పోలీసుల దగ్గరకు వెళ్లండి. ఆర్బీఐ నడిపే ‘సచేత్’ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి.

ఇక అన్నిటికంటే ఇబ్బందిపెట్టే రకం ఒకటుంది. తీసుకున్నది ఇంట్లోవాళ్లే అయి ఉండటం. బావమరిది మీ పాన్, ఆధార్ పట్టుకెళ్లి ఫోన్ ఈఎంఐలో తీసుకుంటాడు, నాలుగు నెలలు కట్టి మానేస్తాడు. లేదా డ్వాక్రా గ్రూపులో తెలిసినామె మీ కాగితాలతో మైక్రోఫైనాన్స్ లోన్ ఎత్తుతుంది. ఇక్కడ మొహమాటం లేకుండా ఆలోచించాలి. ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని ఫిర్యాదు రాసిచ్చాక, డబ్బు పడిన ఖాతా మీ బంధువుదేనని దర్యాప్తులో తేలితే మీ మాట మీద నమ్మకం పోతుంది. తెలిసి కూడా దాచారన్న అనుమానం మీ మీదకే వస్తుంది. బంధుత్వం కాపాడుకోవాలనుకుంటే ముందు వాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల డబ్బుతోనే అప్పు తీర్పించుకోండి. అలా చేస్తే అది మీ అప్పుగానే రికార్డులో మిగులుతుందని తెలుసుకునే చేయండి. కాదు, ఫిర్యాదే ఇస్తాను అనుకుంటే తెలిసిన పేరు దాచొద్దు. రెండు పడవల మీద కాలు పెట్టడం మాత్రం కుదరదు.

నాలుగు రిపోర్టులు తీయండి

మనవాళ్ల నోట్లో క్రెడిట్ రిపోర్ట్ అంటే ‘సిబిల్’. కానీ దేశంలో అలాంటి సంస్థలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ప్రతి సంస్థా ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటి నుంచీ తీసుకోండి. సిబిల్‌లో కనిపించనిది క్రిఫ్‌లో కనిపించొచ్చు, ముఖ్యంగా మైక్రోఫైనాన్స్ లోన్లు. ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే తీయండి. ‘ఫ్రీ సిబిల్ స్కోర్’ అని ప్రకటనలిచ్చే యాప్‌లకు మళ్లీ పాన్, ఫోన్ నంబరు ఇవ్వడం ఈ పరిస్థితిలో తెలివైన పని కాదు.

చాలామంది స్కోరు చూసి దిగులుపడి రిపోర్టు మూసేస్తారు. ఇప్పుడు మీకు కావాల్సింది స్కోరు కాదు, కింద ఉన్న వివరాలు. ఖాతాల భాగంలో మీకు తెలియని లోన్లన్నీ గుర్తించండి. రికవరీ వాళ్లు ఒకదాని గురించే ఫోన్ చేస్తున్నా, కాగితాలు దొరికినవాడు ఒక్క లోన్‌తో ఆగి ఉండకపోవచ్చు. తర్వాత ‘ఎంక్వైరీ’ల భాగం చూడండి. మీ పేరు మీద ఎవరెవరు, ఏ తేదీన రిపోర్టు తెప్పించుకున్నారో అక్కడుంటుంది. మంజూరు కాకుండా ఆగిపోయిన ప్రయత్నాలు కూడా బయటపడతాయి. చివరగా చిరునామాలు, ఫోన్ నంబర్ల భాగం. మీరు పుట్టి పెరిగింది పటమటలో, ఉండేది పటమటలో, రిపోర్టులో మాత్రం ఎప్పుడూ వెళ్లని ఊరి చిరునామా, ఎప్పుడూ వాడని నంబరు. దొంగ లోన్ తీసుకునేటప్పుడు ఇచ్చిన వివరాలవి. పోలీసులకు ఇవ్వడానికి మీ చేతికి అందే మొదటి ఆధారం అదే. ఆ పేజీలు ప్రింటు తీసి, తెలియని వాటి కింద గీత గీసి పెట్టుకోండి.

కంపెనీకి ఉత్తరం

రికవరీ ఏజెంటుతో గంటలు వాదించినా ఫలితం ఉండదు. అతని చేతిలో ఉండేది పేరు, నంబరు, బాకీ మొత్తం అంతే. ఆ బాకీ తీసేసే అధికారం అతనికి లేదు. ఆ అధికారం అప్పు ఇచ్చిన సంస్థది. కాబట్టి మీ ఉత్తరం ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకో, నోడల్ ఆఫీసరుకో వెళ్లాలి. వాళ్ల పేరు, ఈమెయిల్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. బెంజి సర్కిల్ దగ్గరో, అరండల్‌పేటలోనో వాళ్ల బ్రాంచి ఉంటే అక్కడ కూడా ఒక కాపీ ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయమంటే గుమాస్తా గొణుగుతాడు, వేయించుకునే రండి. హెడ్డాఫీసుకు ఈమెయిల్‌తో పాటు పోస్టులో కూడా పంపండి. రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్లో డెలివరీ రుజువు కావాలని అడగండి.

ఉత్తరం తెలుగులో రాయొచ్చు. కానీ ముంబైలోనో గురుగ్రామ్‌లోనో కూర్చున్నవాళ్లు చదవాలి కాబట్టి ఇంగ్లీషులో రాయిస్తే త్వరగా కదులుతుంది. అందులో ఉండాల్సిన విషయం ఇది:

“ఫలానా లోన్ అకౌంట్ నంబరుతో నా పేరు మీద ఉన్నట్టు మీరు చెబుతున్న అప్పుకు నేను దరఖాస్తు చేయలేదు. ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు, ఓటీపీ ద్వారా ఆమోదం ఇవ్వలేదు. ఆ డబ్బు గానీ వస్తువు గానీ నాకు అందలేదు. నా గుర్తింపు పత్రాలను ఎవరో దుర్వినియోగం చేశారు. దీన్ని మోసం ఫిర్యాదుగా నమోదు చేసి ఫిర్యాదు నంబరు ఇవ్వండి. విచారణ ముగిసేదాకా రికవరీ ఆపండి. దరఖాస్తు, దానిమీద ఉన్న ఫోటో, కేవైసీ పత్రాలు, సెల్ఫీ లేదా వీడియో కేవైసీ రికార్డు, దరఖాస్తుకు వాడిన ఫోన్ నంబరు, ఈమెయిల్, ఐపీ అడ్రస్, డబ్బు జమ చేసిన బ్యాంకు ఖాతా, ఆ లావాదేవీ యూటీఆర్ (గుర్తింపు) నంబరు, ఈఎంఐలు కట్ అయిన ఖాతా వివరాలు ఇవ్వండి. ఈ ఖాతాను నాలుగు క్రెడిట్ సంస్థల రికార్డుల నుంచి తొలగించండి.”

నిజంగా మీకు జరగని విషయాలే అందులో రాయండి. ఓటీపీ ఎవరికో చెప్పిన మాట నిజమైతే ఆ వాక్యం తీసేసి, జరిగింది జరిగినట్టు రాయండి.

ఈ పత్రాలన్నీ వాళ్లు మీకు ఇవ్వకపోవచ్చు. అయినా అడగాలి. అడిగినట్టు రికార్డు ఉంటే, ఇవ్వలేదన్నది రేపు మీ ఫిర్యాదులో ఒక పాయింటు అవుతుంది. పైగా పోలీసులు అడిగితే వాళ్లు ఇవ్వక తప్పదు.

వీటన్నిటిలో కేసును తేల్చేది డబ్బు జమ అయిన ఖాతా. డిజిటల్ లోన్ల విషయంలో ఆర్బీఐ నిబంధన స్పష్టంగా ఉంది: కొన్ని మినహాయింపులు తప్ప, డబ్బు నేరుగా అప్పు తీసుకున్నవారి బ్యాంకు ఖాతాలోనే పడాలి. మరి మీ ఖాతాలో పడలేదుగా? అప్పు పుట్టిందని చెబుతున్న నెలకు మీ ఖాతాలన్నిటి స్టేట్‌మెంట్లు తీసి జతచేయండి. ఒకవేళ డబ్బు పడిన ఖాతా కూడా మీ పేరు మీదే ఉందంటే, దొంగ మీ కాగితాలతో బ్యాంకు ఖాతా కూడా తెరిచాడన్నమాట. ఆ బ్యాంకుకు కూడా వెంటనే ఫిర్యాదు చేయాలి, ఎందుకంటే అలాంటి ఖాతాలు ఇతర మోసాలకు కూడా వాడతారు.

షోరూమ్ నుంచి వస్తువు తీసుకున్న లోనైతే డబ్బు షాపు ఖాతాకు పోతుంది. అప్పుడు షాపు పేరు, బిల్లు, డెలివరీ చిరునామా అడగండి. హైదరాబాద్‌లో ఫ్రిజ్ కొన్నారంటున్న రోజు మీరు ఆటోనగర్‌లో డ్యూటీలో ఉంటే, ఆ రోజు హాజరు రికార్డు ఆఫీసు నుంచి తీసుకుని జతచేయండి.

ఇంకో రకం మోసంలో డబ్బు నిజంగానే మీ ఖాతాలో పడుతుంది. కస్టమర్ కేర్ పేరుతో మీ ఫోన్లో స్క్రీన్ షేరింగ్ యాప్ ఎక్కించి, మీ ఫోన్ నుంచే లోన్ తీసి, నిమిషాల్లో వేరే ఖాతాకు పంపేస్తారు. ఇక్కడ “నాకు డబ్బు అందలేదు” అనే వాదన నిలబడదు. ఆ డబ్బు మీ అనుమతి లేకుండా బయటకు పోయిందని మీ బ్యాంకుకు వెంటనే తెలియజేయాలి. అనధికార లావాదేవీల గురించి 2017 జూలైలో ఆర్బీఐ ఇచ్చిన ఆదేశంలో, ఎంత ఆలస్యంగా చెబితే కస్టమరు మీద భారం అంత పెరుగుతుంది. మీరే ఓటీపీ ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మీదే.

పోలీసు ఫిర్యాదు

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. 1930 ముఖ్యంగా ఇప్పుడే పోయిన డబ్బును దారిలో ఆపడానికి. ఆరు నెలల కిందటి దొంగ లోన్ డబ్బు ఈపాటికి ఎక్కడికో పోయి ఉంటుంది కాబట్టి అద్భుతాలు ఆశించకండి. అయినా అక్కడ వచ్చే ఫిర్యాదు నంబరు బ్యాంకుకు చూపించడానికి ఉపయోగపడుతుంది. పెట్టండి.

అసలు కావాల్సింది ఎఫ్‌ఐఆర్. ఐటీ చట్టం 66సీ సెక్షన్ ఇతరుల గుర్తింపు వివరాలను దొంగతనంగా వాడటం గురించి: మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 66డీ కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేయడం గురించి. భారతీయ న్యాయ సంహితలో 319వ సెక్షన్ కూడా వేరొకరిగా నటించి మోసం చేయడం గురించే. ఇవి ఫిర్యాదులో రాయాల్సిన అవసరం లేదు, ఏ సెక్షన్ పెట్టాలో పోలీసుల పని. కానీ “ఇది సివిల్ మ్యాటర్ అండీ, బ్యాంకులో మాట్లాడుకోండి” అన్నప్పుడు మర్యాదగా గుర్తుచేయడానికి పనికొస్తాయి.

స్థానిక స్టేషన్లో “సైబర్ స్టేషన్‌కు వెళ్లండి” అనడానికి ఒక కారణం ఉంది. ఐటీ చట్టం కేసులను ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. విజయవాడలో ఉన్నవాళ్లు ఎన్టీఆర్ పోలీస్ కమిషనరేట్ సైబర్ క్రైమ్ స్టేషన్‌కు వెళ్లొచ్చు. అయితే నేరం ఎక్కడ జరిగినా మీ స్టేషన్లోనే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకునే హక్కు మీకుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇచ్చిన సమాచారమైతే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే దాన్నే గుంటూరువాళ్లు ఎస్పీకి, విజయవాడవాళ్లు కమిషనర్‌కు పోస్టులో పంపండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో స్వయంగా అర్జీ ఇస్తే ఇంకా మంచిది. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది, కింది స్టేషన్ జవాబు చెప్పాలి. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేట్ కోర్టు.

ఫిర్యాదు కథలా రాయొద్దు. ఏ లోన్, ఏ సంస్థ, ఎంత, ఎప్పుడు, మీకు ఎప్పుడు తెలిసింది, రిపోర్టులో కనిపించిన తెలియని చిరునామా, నంబరు. ఒక పేజీ చాలు. జతచేసిన కాగితాల జాబితా కింద రాయండి.

క్రెడిట్ సంస్థల దగ్గర డిస్ప్యూట్

కంపెనీకి ఉత్తరం వెళ్లిన రోజే, ఏ రిపోర్టుల్లో దొంగ లోన్ ఉందో ఆ సంస్థల వెబ్‌సైట్లలో డిస్ప్యూట్ (ఈ వివరం తప్పు అనే అభ్యంతరం) పెట్టండి. డబ్బు కట్టక్కర్లేదు. కారణం దగ్గర ‘ఈ ఖాతా నాది కాదు’ అనే అర్థం వచ్చేదే ఎంచుకోండి. ‘బాకీ మొత్తం తప్పు’ అని పెడితే ఖాతా మీదే, లెక్క మాత్రమే తప్పు అన్నట్టవుతుంది. తెలియని చిరునామా, ఫోన్ నంబరు, ఎంక్వైరీల మీద కూడా విడిగా డిస్ప్యూట్ పెట్టండి.

సిబిల్ వాళ్లు తమంతట తామే ఏదీ చెరపరు. అప్పు ఇచ్చిన సంస్థను అడిగి, అది ఒప్పుకుంటేనే మారుస్తారు. అందుకే ఉత్తరం, డిస్ప్యూట్ రెండూ కలిసి నడవాలి. గడువు 30 రోజులు. 2023 అక్టోబరులో ఆర్బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఫిర్యాదు పెట్టిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ మీకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. బ్యాంకు 21 రోజుల్లోగా సరిచేసిన సమాచారం పంపకపోతే బ్యాంకు ఇవ్వాలి, పంపినా క్రెడిట్ సంస్థ నాన్చితే ఆ సంస్థ ఇవ్వాలి. రోజుకు వంద అంటే పెద్ద మొత్తం కాదు, కానీ గుర్తుచేస్తూ మెయిల్ పెడితే ఫైలు కదలడానికి ఒక కారణం దొరుకుతుంది.

ఈలోపు ఇంటికి వస్తే

ఉత్తరం వెళ్లగానే రికవరీ ఆగిపోవాలి. ఫిర్యాదు తేలేదాకా కేసును రికవరీ ఏజెన్సీకి అప్పగించొద్దని బ్యాంకులకు ఆర్బీఐ 2008లోనే చెప్పింది. ఆచరణలో మాత్రం ఫోన్లు కొన్నాళ్లు వస్తూనే ఉంటాయి, ఎందుకంటే ఆ సంగతి ఏజెన్సీకి చెప్పేవాళ్లుండరు. ఫోన్ వచ్చిన ప్రతిసారీ ఫిర్యాదు నంబరు, ఎఫ్‌ఐఆర్ నంబరు చెప్పి పెట్టేయండి.

ఇంటికి వచ్చిన వ్యక్తిని గేటు దగ్గరే ఆపి ఐడీ కార్డు, ఆ సంస్థ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ చూపమనండి. అవి లేకుండా రాకూడదు. ఉంటే ఫోటో తీసుకోండి. మీ ఉత్తరం జిరాక్స్ ఒకటి చేతిలో పెట్టి పంపేయండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, ‘వచ్చి కలిశాను అనడానికే’ అన్నా సరే. ఆర్బీఐ 2022 ఆగస్టు ఆదేశం ప్రకారం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ కాల్స్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ లోన్లకైతే ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత కుదరదు. తిట్టడం, బెదిరించడం, పక్కింటివాళ్ల ముందు, ఆఫీసులో పరువు తీయడం, బంధువులకు ఫోన్ చేసి వేధించడం అన్నీ నిషేధమే. దౌర్జన్యం చేస్తే 112కి ఫోన్ చేయండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కూ, ఇంట్లో ఆడవాళ్లకూ, పెద్దవాళ్లకూ విషయం ముందే చెప్పి ఉంచండి. మీరు లేనప్పుడు భయపడి డబ్బిచ్చి పంపేది ఎక్కువగా వాళ్లే.

నోటీసుల దగ్గర జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. ‘లోక్ అదాలత్‌కు హాజరు కండి’ అని నోటీసు వస్తే అది శిక్ష వేసే కోర్టు కాదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అక్కడ రాజీ కుదురుతుంది. కానీ ఒకసారి రాజీ కాగితం మీద సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. వెళ్లినా సంతకం పెట్టకుండా, ‘ఇది నా అప్పు కాదు’ అని రాసిచ్చి రండి. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) నోటీసు అయితే పక్కన పడేయొద్దు. మీరు పలక్కపోతే మీరు లేకుండానే అవార్డు, అంటే తీర్పు, ఇచ్చేస్తారు. ‘నేను ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు, కాబట్టి నాకూ మీకూ మధ్య ఆర్బిట్రేషన్ ఒప్పందమే లేదు’ అని వెంటనే జవాబు పంపండి. ఈ దశలో లాయరు అవసరం. ఫీజు కట్టుకోలేనివాళ్లు కోర్టు ఆవరణలో న్యాయ సేవల సంస్థను అడగొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది.

ముప్పై రోజులు దాటాక

కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ‘మా రికార్డుల ప్రకారం లోన్ మీదే’ అని ఒక్క లైనుతో తోసిపుచ్చినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లండి. ఆర్బీఐ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టొచ్చు, చండీగఢ్‌లోని కేంద్రానికి పోస్టులోనూ పంపొచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఫీజు లేదు. లాయరు ద్వారా పెట్టడానికి వీల్లేదు, మీరే పెట్టాలి. కంపెనీకి ఇచ్చిన ఉత్తరం, అది అందిన రుజువు ఇక్కడ తప్పనిసరి. అవి లేకుండా నేరుగా వెళ్తే వెనక్కి పంపేస్తారు. బ్యాంకులు, చాలా ఎన్‌బీఎఫ్‌సీలతో పాటు క్రెడిట్ సంస్థలు కూడా 2022 సెప్టెంబరు నుంచి ఈ పథకం కిందకు వచ్చాయి కాబట్టి సిబిల్ తాత్సారం మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు.

చేతికి వచ్చే కాగితం

కంపెనీ దిగివచ్చాక చాలామంది మోసపోయేది ఇక్కడే. “మీ సమస్య తీరిపోయింది, లోన్ క్లోజ్ చేశాం, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి” అంటారు. సంబరపడి తీసుకోవద్దు. నో డ్యూస్ అంటే అప్పు ఉండేది, తీరిపోయింది అని. రిపోర్టులో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని ఉండిపోతుంది, ఈఎంఐలు ఆలస్యమైన నెలలన్నీ దాని కింద ఎర్రగా అలాగే ఉంటాయి. మీకు కావాల్సిన కాగితంలో మూడు విషయాలుండాలి: ఈ ఖాతా మోసపూరితంగా తెరిచారని, దానితో మీకు ఏ సంబంధమూ, బాధ్యతా లేదని, క్రెడిట్ సంస్థలన్నిటిలో దాన్ని పూర్తిగా తొలగించమని చెప్పామని. క్లోజ్ కాదు, డిలీట్. అలా లేకపోతే వెనక్కి పంపి మళ్లీ రాయించుకోండి.

ఆ తర్వాత నాలుగు రిపోర్టులూ మళ్లీ చూడండి. బ్యాంకులు మొండి బకాయిలను గుత్తగా అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీలకు అమ్మేస్తుంటాయి. అలా చేతులు మారాక అదే అప్పు కొత్త సంస్థ పేరుతో రిపోర్టులో మళ్లీ తేలొచ్చు. డిలీట్ చేసినట్టు ఇచ్చిన కాగితం కాపీ ఆ కొత్త సంస్థకు పంపాలి, అందుకే దాన్ని పారేయకండి.

ఇంకా తెరుచుకునే ఉన్న తలుపులు

కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథి వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడొచ్చు. మీది కాని నంబరు కనిపిస్తే అక్కడే ‘నా నంబరు కాదు’ అని రిపోర్ట్ చేయండి. క్రెడిట్ రిపోర్టులో కనిపించిన దొంగ నంబరు ఇక్కడ కూడా తేలితే ఆ స్క్రీన్‌షాట్ పోలీసులకు ఇవ్వండి. ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేయండి, అవసరమైనప్పుడు తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకోవచ్చు. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో కనిపిస్తుంది, అది కూడా చూడండి. ఇక మీదట కాపీ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్స్ మీద అడ్డంగా ‘ఫలానా పని కోసం మాత్రమే’ అని తేదీ వేసి రాయండి. అచ్చయిన అంకెల మీదుగా రాస్తేనే ఉపయోగం, పక్కన ఖాళీలో రాస్తే కత్తిరించేస్తారు.

పాన్ కాపీ ఇతరుల చేతిలో పడినవాళ్లు జీఎస్టీ పోర్టల్‌లో పాన్‌తో వెతికే ఆప్షన్ కూడా ఒకసారి వాడండి. దొంగ బిల్లుల వ్యాపారానికి ఇతరుల పాన్‌తో రిజిస్ట్రేషన్ తీసుకోవడం ఉంది. మిర్చి యార్డు వైపు చిన్న కమిషన్ వ్యాపారం చేసేవాళ్లూ, గుమాస్తాలూ ఇది తప్పకుండా చూడాలి. మీకు తెలియని జీఎస్టీ నంబరు కనిపిస్తే, అది ఏ సర్కిల్ ఆఫీసు పరిధిలో ఉందో అక్కడే రాసి ఉంటుంది. ఆ ఆఫీసుకు ఎఫ్‌ఐఆర్ కాపీతో రద్దు కోరుతూ అర్జీ పంపండి.